కట్టడానికి ముందు నేలను ఎలా పరీక్షించాలి: బోరు గుర్తు పెట్టడం నుంచి రిపోర్టు చదవడం దాకా

"సాయిల్ టెస్ట్ చేయించమన్నారు, ఎక్కడ మొదలుపెట్టాలి?" అని కొందరు అడుగుతున్నారు. "రిపోర్టు చేతికొచ్చింది, ఇందులో ఏం చూడాలి?" అని ఇంకొందరు అడుగుతున్నారు. రెండు ప్రశ్నలకూ కలిపి, పని జరిగే వరుసలోనే ఇక్కడ రాస్తున్నాను. సొంతంగా కట్టుకునేవారికీ, సైటులో కొత్తగా చేరిన ఇంజినీర్లకూ పనికొస్తుంది. డిజైన్ మాత్రం అర్హత ఉన్న జియోటెక్నికల్ (నేల, పునాదుల) ఇంజినీరే చేయాలి. ఆయనకు సరైన సమాచారం అందేలా చూడటం, ఆయన ఇచ్చినదాన్ని అర్థం చేసుకోవడం మీ వంతు.

ముందే ఒక మాట చెప్పాలి. నేల పరీక్ష మంచిదో కాదో తేలేది ల్యాబులో కాదు, బోరు (మట్టి నమూనాల కోసం నేలలోకి వేసే రంధ్రం) దగ్గర. అక్కడ తప్పుగా తీసిన మట్టిని ఎంత ఖరీదైన యంత్రంలో పెట్టినా వచ్చేది తప్పు అంకే. అందుకే ఈ వ్యాసంలో బోరు దగ్గర జరిగే పనికి ఎక్కువ చోటు ఇచ్చాను.

## 1. ముందు కట్టడం సంగతి తేల్చుకోండి

"ఈ నేల మంచిదేనా?" అన్న ప్రశ్నకు జవాబు లేదు. దేనికి మంచిదో చెప్పాలి. ఒక అంతస్తు ఇంటిని హాయిగా మోసే నేల పది అంతస్తుల భవనం కింద కుంగిపోవచ్చు. బోర్లు ఎన్ని వేయాలో, ఎంత లోతుకు వెళ్లాలో కట్టడాన్ని బట్టే నిర్ణయమవుతుంది.

డ్రిల్లింగ్ వాళ్లను పిలిచే ముందే ఇవి కాగితం మీద ఉండాలి:

- ఎన్ని అంతస్తులు, తర్వాత పెంచే ఆలోచన ఉందా
- సెల్లార్ ఉందా, ఉంటే ఎంత లోతు
- స్తంభాల మధ్య దూరం, ఒక్కో స్తంభం మీద పడే సుమారు బరువు
- భవనం పొడవు, వెడల్పు, స్థలంలో అది ఉండే చోటు
- నీళ్ల ట్యాంకు, భారీ యంత్రాలు, రిటైనింగ్ గోడ (మట్టి జారకుండా ఆపే గోడ) లాంటి ప్రత్యేకమైనవి
- పక్కనే ఉన్న కట్టడాలు, వాటి పునాది లోతు తెలిస్తే అది కూడా

ప్లాను పూర్తిగా ఖరారు కాకపోయినా ఫర్వాలేదు. ఉజ్జాయింపు చాలు. అసలు ఏమీ చెప్పకుండా "రెండు బోర్లు వేసేయండి" అంటే మాత్రం, రిపోర్టు వచ్చాక "ఇంకా లోతుకు వెళ్లి ఉండాల్సింది" అనుకోవడమే మిగులుతుంది.

## 2. తవ్వకముందు తెలిసేదంతా తెలుసుకోండి

పాత మ్యాపులు, వేర్వేరు సంవత్సరాల ఉపగ్రహ చిత్రాలు, భూగర్భ పటాలు, ఇరుగుపొరుగు కట్టడాల పాత బోరు వివరాలు సేకరించండి. ఇరవై ఏళ్ల కిందటి చిత్రంలో నీటిగుంటగా కనిపించిన చోటు ఇప్పుడు చదునైన ప్లాటుగా ఉందంటే, అడుగున మెత్తటి బురద, దాని మీద నింపుడు మట్టి ఉన్నాయని అనుమానించాలి.

తర్వాత స్థలమంతా నడవండి. వీలైతే వాన కురిసిన మరుసటి రోజు ఒకసారి, బాగా ఎండిన రోజుల్లో మరోసారి వెళ్లండి.

- నీరు ఎక్కడ నిలుస్తోంది, ఎటు పారుతోంది
- నేల బీటలు వారిందా, బీటలు ఎంత వెడల్పు
- పక్క ఇళ్ల గోడల మీద ఏటవాలు పగుళ్లు ఉన్నాయా
- పాత బావి, సెప్టిక్ ట్యాంకు, పూడ్చిన గుంత జాడలు
- వాలు మీద చెట్లు, స్తంభాలు కిందికి ఒరిగి ఉన్నాయా
- భూమిలో కరెంటు, నీటి, గ్యాసు లైన్లు ఎక్కడెక్కడ వెళ్తున్నాయి

చివరిది తేలేదాకా ఏ యంత్రాన్నీ దింపొద్దు. ప్రాణాలకు సంబంధించిన విషయం.

పక్కింటి పెద్దవాళ్లను అడగడం మరిచిపోవద్దు. బావి ఎక్కడ పూడ్చారో, వానాకాలంలో ఊట ఎంత పైకి వస్తుందో వాళ్లు చెప్పగలిగినంత కచ్చితంగా చాలాసార్లు ఏ కాగితమూ చెప్పదు.

## 3. బోర్లు ఎక్కడ, ఎన్ని, ఎంత లోతు

ఎక్కడ అన్నదానికి జవాబు సులువు: బరువు పడే చోట. యంత్రం నిలపడానికి వీలుగా ఉందని గేటు పక్కనే బోరు వేసేసే అలవాటును ఒప్పుకోవద్దు. భవనం మూలల దగ్గర, మధ్యలో, అత్యధిక బరువు పడే స్తంభాల దగ్గర వేయాలి. నడిచినప్పుడు అనుమానం కలిగిన చోట ఒకటి తప్పనిసరి.

ఎన్ని అంటే, చిన్న కట్టడానికి కూడా ఒక్క బోరుతో సరిపెట్టకపోవడం మంచిదని నా అభిప్రాయం. ఒక్క బోరు ఆ చుక్క దగ్గర ఏముందో చెబుతుంది గానీ పొర ఎటు వాలుతోందో చెప్పదు. వాలు తెలియాలంటే ఒకే గీత మీద లేని మూడు బోర్లు కావాలి. ఎత్తయిన భవనాలకు, పరిశ్రమలకు 15 నుంచి 40 మీటర్ల ఎడం ఉండాలని యూరోకోడ్ 7 (నేల, పునాదుల డిజైన్‌కు యూరప్ ప్రమాణం) సూచిస్తుంది. పక్కపక్క బోర్లలో పొరలు పొంతన లేకుండా వస్తే మధ్యలో ఇంకొకటి వేయాల్సిందే.

అసలు తప్పులు జరిగేది లోతు దగ్గర. పునాది వేసే ఒత్తిడి కిందికి పోయేకొద్దీ పలచబడుతుంది. చదరపు పునాది కింద, దాని వెడల్పుకు రెండు రెట్ల లోతుకు వెళ్లేసరికి ఆ ఒత్తిడి సుమారు పదో వంతుకు తగ్గుతుంది. అదే గోడ కింద పొడవుగా సాగే పునాది అయితే, అంతే లోతులో ఇంకా మూడో వంతు దాకా మిగిలే ఉంటుంది.

ఒక లెక్క చూడండి. 2 మీటర్ల భుజం ఉన్న చదరపు ఫుటింగ్‌ను (స్తంభం కింది విడి పునాదిని) 1.5 మీటర్ల లోతులో వేస్తే, దాని ప్రభావం అడుగు నుంచి మరో 4 మీటర్ల దాకా పోతుంది. అంటే నేలమట్టం నుంచి 5.5 మీటర్ల దాకా ఏముందో తెలియాలి. అదే భవనానికి 15 మీటర్ల వెడల్పున్న రాఫ్ట్ (భవనమంతటి కింద ఒకే పలకలా వేసే పునాది) వేస్తే ప్రభావం 30 మీటర్ల దాకా వెళ్లగలదు. ఫుటింగులు దగ్గరదగ్గరగా ఉన్నా ఇంతే. ఒత్తిళ్లు లోతులో ఒకదానితో ఒకటి కలిసిపోయి, భవనమంతా ఒకే పెద్ద పునాదిలా నేలను నొక్కుతుంది.

పైల్స్ (నేలలోకి లోతుగా దించే స్తంభాల్లాంటి పునాదులు) వేసేటట్టయితే, యూరోకోడ్ 7 ప్రకారం పైల్ కొస కింద మూడు దూరాలు చూసి ఎక్కువైనది తీసుకోవాలి: 5 మీటర్లు, పైల్ వ్యాసానికి మూడు రెట్లు, పైల్స్ గుంపు వెడల్పు.

రాయి తగిలితే అక్కడితో ఆపేయొద్దు. అది పెద్ద బండరాయి కావచ్చు, దాని కింద మళ్లీ మట్టి ఉండొచ్చు. కనీసం 3 మీటర్లు రాతిలోకి పోయి కోర్ (గుండ్రటి కడ్డీలాంటి రాతి నమూనా) తీసి చూడాలి. మెత్తటి పొర మధ్యలో బోరు ఆపడం కూడా పెద్ద తప్పే. అనుకున్న లోతు వచ్చేసినా గట్టి పొర దొరికేదాకా పోవాలి. ఈ షరతును ఒప్పందంలోనే రాయించండి. లేకపోతే ఆరోజు సాయంత్రం బోరు దగ్గర వాదన తప్పదు.

## 4. ముందు ఒక గొయ్యి తవ్వి చేత్తో చూడండి

బోరుతో పాటు 2, 3 మీటర్ల పరీక్ష గొయ్యి ఒకటి తవ్వితే పైపొరల గురించి బోరు చెప్పలేనివి తెలుస్తాయి. నింపుడు మట్టి ఎంత మందం, పొరలు ఎటు వాలాయి, వేర్లు ఎంత లోతుకు వెళ్లాయి, ఊట ఏ వైపు నుంచి వస్తోంది అన్నవి గోడల్లో నేరుగా కనిపిస్తాయి. మద్దతు కట్టని గోతిలోకి ఎవరూ దిగకూడదు. మట్టి కూలడానికి క్షణం చాలు. పైనుంచి చూడండి, బకెట్‌తో తీసిన మట్టిని బయట పరీక్షించండి.

చేత్తో చేయగల పరీక్షలు మూడు:

1. తడి మట్టిని అరచేతిలో తాడులా పామండి. 3 మిల్లీమీటర్ల సన్నదనం వచ్చేదాకా తెగకుండా సాగితే బంకమట్టి పాలు గట్టిగానే ఉంది.
2. మెత్తటి తడి ముద్దను అరచేతిలో పెట్టి పక్కల నుంచి తట్టండి. పైన నీటి మెరుపు వెంటనే వచ్చి, నొక్కితే మాయమైతే అది సిల్ట్ (ఇసుక కన్నా సన్నటి ఒండ్రు) లేదా సన్నటి ఇసుక. బంకమట్టి అయితే మెరుపు రాదు.
3. వాసన చూడండి. కుళ్లిన వాసన, నలుపు రంగు, నార కనిపిస్తే సేంద్రియ పదార్థం ఉన్నట్టు. అలాంటి పొర మీద పునాది వేయకూడదు.

## 5. బోరు దగ్గర నిలబడండి

మట్టి బోరులో ఎక్కువగా చేసేది ప్రామాణిక చొరబాటు పరీక్ష. సైటులో అందరూ ఎస్‌పీటీ అంటారు. 63.5 కిలోల సుత్తిని సుమారు 76 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదులుతూ, రెండుగా విడదీయగల గొట్టాన్ని నేలలోకి దించుతారు. ఒక్కో 15 సెంటీమీటర్లకు ఎన్ని దెబ్బలు పట్టాయో మూడుసార్లు లెక్కిస్తారు. మొదటి 15 సెంటీమీటర్లు కదిలిపోయిన మట్టి కాబట్టి వదిలేస్తారు. మిగిలిన రెండింటి మొత్తమే ఎన్ విలువ. దెబ్బలు 6, 8, 10 అయితే ఎన్ విలువ 18.

సాధారణంగా ప్రతి 1.5 మీటర్లకు ఒకసారి, మట్టి మారినప్పుడల్లా ఒకసారి ఈ పరీక్ష చేయాలి.

పరీక్ష చాలా మోటుది. అందుకే తప్పు చేయడం కూడా చాలా సులువు. నేను సైటులో ముందుగా చూసేవి ఇవి:

- సుత్తి బరువు తూచారా, రాడ్ మీద ఎత్తు గుర్తు గీశారా
- పరీక్షకు ముందు బోరు అడుగును శుభ్రం చేశారా
- కేసింగ్ (బోరు గోడలు కూలకుండా దించే గొట్టం) పరీక్ష లోతు కంటే కిందికి పోయిందా
- గొట్టం మొన వంగి, మొద్దుబారి ఉందా
- రాడ్ల జాయింట్లు వదులుగా ఉన్నాయా
- మూడు అంకెలూ విడివిడిగా, అక్కడికక్కడే రాస్తున్నారా

ఇసుకలో అతి సాధారణంగా జరిగే పొరపాటు నీటిమట్టానికి సంబంధించినది. రాడ్లు, పనిముట్లు పైకి లాగేటప్పుడు బోరులోని నీరు చుట్టూ ఉన్న భూగర్భ జలమట్టం కన్నా కిందికి దిగిపోతుంది. అప్పుడు బయటి నీరు అడుగు నుంచి ఎగదన్నుతూ ఇసుకను వదులు చేసేస్తుంది. గట్టి ఇసుకకు కూడా 5, 6 దెబ్బలే పడతాయి. బోరులో నీరు లేదా బెంటొనైట్ ద్రవం (ఉబ్బే బంకమట్టి కలిపిన నీరు) ఎప్పుడూ జలమట్టం కన్నా పైనే ఉంచడం దీనికి మందు. గులకరాయి గొట్టం మూతికి అడ్డుపడితే ఇందుకు రివర్సులో, దెబ్బలు అమాంతం పెరిగిపోతాయి. 8, 9, 11 వస్తున్న పొరలో హఠాత్తుగా 45 వచ్చిందంటే గొట్టం విప్పి చూడాలి.

15 సెంటీమీటర్లు దిగేలోపే 50 దెబ్బలు పడితే పరీక్ష ఆపేస్తారు. అప్పుడు "50 దెబ్బలకు 8 సెంటీమీటర్లు" అని ఉన్నది ఉన్నట్టు రాయాలి. దాన్ని లెక్కగట్టి ఎన్ విలువ 180 అనో 200 అనో రాసిన రిపోర్టును నమ్మకండి.

సుత్తి రకాన్ని కూడా లాగ్‌లో (బోరు వివరాలు లోతు వారీగా రాసే పట్టికలో) రాయించాలి. తాడుతో లాగి వదిలే పాతరకం సుత్తి నుంచి రాడ్లకు చేరే శక్తి సిద్ధాంతం ప్రకారం రావాల్సినదానిలో 45 శాతమే ఉండొచ్చు, ఆటోమేటిక్ సుత్తికి 80 శాతం ఉండొచ్చు. అందుకే 60 శాతానికి సరిచేసిన విలువనే డిజైన్‌కు వాడతారు. రెండు యంత్రాలూ 20 చూపించినా, మొదటిదానికి సరిచేసిన విలువ 15, రెండోదానికి దాదాపు 27. ఈ తేడా వల్ల పునాది పరిమాణమే మారిపోతుంది.

ఎన్ విలువలకు స్థూలమైన అర్థం:

- ఇసుకలో 4 లోపు చాలా వదులు, 10 లోపు వదులు, 10–30 మధ్యస్థం, 30–50 గట్టి, 50 దాటితే చాలా గట్టి
- బంకమట్టిలో 2 లోపు చాలా మెత్తన, 4 లోపు మెత్తన, 4–8 మధ్యస్థం, 8–15 గట్టి, 15–30 చాలా గట్టి, ఆపైన రాయిలాంటి గట్టి

బంకమట్టి విషయంలో ఈ అంకెలు అంత నమ్మదగినవి కావు. ఆ మట్టికి చెదరని నమూనా తీసి ల్యాబులో బలం కొలవాల్సిందే.

రాతిలో చూసేది ఆర్‌క్యూడీ, అంటే రాతి నాణ్యత శాతం. తీసిన కోర్‌లో 10 సెంటీమీటర్లు, అంతకంటే పొడవున్న ముక్కల మొత్తాన్ని డ్రిల్ చేసిన పొడవుతో భాగించి శాతంగా చెబుతారు. 25 లోపు చాలా నాసి, 75 దాటితే మంచి రాయి. డ్రిల్లింగ్‌లో విరిగిన ముక్కలను కలిపే లెక్కించాలి. తాజా విరుగుడు శుభ్రంగా, గరుకుగా ఉంటుంది. సహజమైన పగులు మీద సాధారణంగా రంగు మారిన పూత కనిపిస్తుంది.

పని పూర్తయ్యాక బోరును సిమెంటు, బెంటొనైట్ మిశ్రమంతో పూడ్చమనండి. తెరిచి వదిలేస్తే పైనుంచి మురుగు భూగర్భ జలంలోకి దిగుతుంది.

## 6. నీటిమట్టాన్ని తొందరపడి రాయొద్దు

డ్రిల్లింగ్ అవుతుండగా బోరులో కనిపించే నీరు చాలాసార్లు డ్రిల్లింగ్‌కు పోసిన నీరే. కనీసం 24 గంటలు ఆగి కొలవాలి. బంకమట్టిలో నీరు ఊరడానికి అదీ చాలదు. అలాంటి చోట సన్న రంధ్రాల గొట్టం దించి, చుట్టూ కంకర పోసి, కొన్ని వారాల పాటు మట్టం చూస్తూ ఉండాలి.

ఎండాకాలంలో కొలిచిన మట్టాన్ని పట్టుకుని డిజైన్ చేయకూడదు. నీరు ఎంత పైకి రాగలదో అంత ఎత్తుకు లెక్క వేయాలి. ఇసుకలో నీరు నేలమట్టందాకా వస్తే మట్టి తేలికై, భారవహన సామర్థ్యం దాదాపు సగానికి పడిపోతుంది. సెల్లార్ ఉంటే నీరు దాన్ని కింది నుంచి పైకి నెడుతుంది కూడా. ఆ నీటి నమూనాలో సల్ఫేట్లు, క్లోరైడ్లు చూపించండి. సిమెంటు రకం, కడ్డీకి ఇచ్చే కాంక్రీటు కవరు వాటిని బట్టే నిర్ణయమవుతాయి.

## 7. చెదరని నమూనా

ఎస్‌పీటీ గొట్టంలో వచ్చిన మట్టి రకం గుర్తించడానికే పనికొస్తుంది, బలం కొలవడానికి కాదు. ఆ గొట్టం గోడ మందం. బయటి వ్యాసం 50.8, లోపలి వ్యాసం 35 మిల్లీమీటర్లు. అది దిగేటప్పుడు పక్కకు నెట్టే మట్టి, లోపలికి తీసుకునే మట్టి కన్నా కాస్త ఎక్కువే. బలం, కుంగుదల పరీక్షలకు పలచటి గోడ ఉన్న గొట్టాన్ని కొట్టకుండా, ఏకబిగిన నొక్కి దించాలి.

పైకి తీశాక రెండు చివరలా మైనం పోసి మూసి, పేరు, లోతు, పైవైపు గుర్తు రాసి, నిలువుగా నీడలో ఉంచాలి. బండి వెనకాల ఎండలో కుదుపులకు వదిలేసిన గొట్టం ల్యాబుకు చేరేసరికి దాని బలం సగం పోయినా ఆశ్చర్యం లేదు.

## 8. బోరుకు తోడుగా వేరే పరీక్షలు

శంకువు పరీక్ష. 60 డిగ్రీల మొన, 10 చదరపు సెంటీమీటర్ల అడ్డకోత ఉన్న శంకువును సెకనుకు 2 సెంటీమీటర్ల వేగంతో నొక్కుకుంటూ పోతారు. మొన మీద, పక్కన ఎదురయ్యే నిరోధం, నీటి ఒత్తిడి ఎడతెగకుండా నమోదవుతాయి. బోరులో 1.5 మీటర్ల ఎడంలో తప్పిపోయే సన్నటి మెత్తటి పొర కూడా ఇందులో దొరుకుతుంది. మెత్తటి బంకమట్టి, ఇసుక ఉన్నచోట డబ్బు ఉంటే ఇదే చేయించమంటాను. గులకరాళ్లలో పనికిరాదు, మట్టి చేతికి రాదు, కాబట్టి కనీసం ఒక బోరు పక్కన ఉండాలి.

ప్లేట్ లోడ్ పరీక్ష. పునాది మట్టంలో ఇనుప పలక పెట్టి, బరువు వేసి కుంగుదల కొలుస్తారు. ఇది చూడటానికి నమ్మకంగా ఉంటుంది, అందుకే ఎక్కువగా మోసం చేస్తుంది. 30 సెంటీమీటర్ల ప్లేటు కింద ఒత్తిడి 60 సెంటీమీటర్లకు మించి పెద్దగా పోదు. దాని కింద బురద ఉన్నా ప్లేటుకు తెలియదు. 1913 అక్టోబరులో కెనడాలోని ట్రాన్స్‌కోనా ధాన్యాగారం నింపుతుండగానే సుమారు 27 డిగ్రీలు ఒరిగిపోయింది. పునాది మట్టంలో బరువు పరీక్షలు చేశారు, పైనున్న గట్టి బంకమట్టి సరేనన్నట్టు కనిపించింది. దాని కిందున్న మెత్తటి పొరను ఎవరూ తవ్వి చూడలేదు.

పరిమాణం లెక్క కూడా మరవొద్దు. ఇసుకలో 30 సెంటీమీటర్ల ప్లేటు 10 మిల్లీమీటర్లు కుంగితే, అదే ఒత్తిడికి 2 మీటర్ల ఫుటింగ్ సుమారు 30 మిల్లీమీటర్లు కుంగుతుంది. బంకమట్టిలో 65 దాటుతుంది.

భూభౌతిక పరీక్షలు. విద్యుత్ నిరోధం, భూకంప తరంగాల వేగం కొలిచి బోర్ల మధ్య ఖాళీని పూరించవచ్చు. పెద్ద స్థలాల్లో, రాయి లోతు ఎగుడుదిగుడుగా ఉన్నచోట చాలా ఉపయోగం. బోరు లేకుండా వీటినే నమ్ముకోకూడదు.

## 9. ల్యాబులో ఏ పరీక్ష ఎందుకు

తేమ, కణాల పరిమాణం, ద్రవ పరిమితి (మట్టి ద్రవంలా జారడం మొదలయ్యే తేమ), ప్లాస్టిక్ పరిమితి (పామితే మట్టి విరగడం మొదలయ్యే తేమ) ప్రతి పొరకూ చేయించండి. ఖర్చు తక్కువ, మిగతా అంకెలను సరిచూసుకోవడానికి ఇవే ఆధారం.

బలం పరీక్షలో ఏ రకం అడగాలన్నదే ముఖ్యం. బంకమట్టి మీద కొత్తగా బరువు పెడుతుంటే ప్రమాదం కట్టడం పూర్తయిన వెంటనే ఎక్కువ, ఎందుకంటే నీరు బయటికి పోయే వ్యవధి ఉండదు. అప్పుడు నీరు వదలనివ్వకుండా చేసే త్వరిత త్రైఅక్ష పరీక్ష (నమూనాను చుట్టూ ఒత్తిడిలో ఉంచి పైనుంచి నొక్కి బలం కొలిచేది) సరిపోతుంది. లోతుగా తవ్విన వాలుకు, రిటైనింగ్ గోడకు మాత్రం ప్రమాదం ఏళ్లు గడిచేకొద్దీ పెరుగుతుంది. అక్కడ రంధ్రజల ఒత్తిడి (మట్టి కణాల మధ్య నీటి ఒత్తిడి) కొలుస్తూనో, నీరు వదలనిస్తూనో చేసిన పరీక్ష కావాలి. ఈ రెండింటినీ తారుమారు చేస్తే లెక్క కాగితం మీద సరిగ్గానే ఉంటుంది, వాలు మాత్రం జారుతుంది.

మెత్తటి బంకమట్టి ఉంటే కన్సాలిడేషన్ పరీక్షను (బరువుకు మట్టి నీరు వదులుతూ ఎంత కుంగుతుందో కొలిచేదాన్ని) వదలొద్దు. బరువును రోజుకు రెట్టింపు చేస్తూ పోతారు కాబట్టి వారం పైనే పడుతుంది. ఆ వారాన్ని మీ షెడ్యూలులో ముందే పెట్టుకోండి.

## 10. రెండు లెక్కలు విడివిడిగా

నేల కట్టడాన్ని రెండు రకాలుగా చెడగొడుతుంది: ఒకటి పునాది కింద తెగి పక్కకు ఉబకడం, రెండోది తెగకుండానే అతిగా కుంగడం. రెండూ లెక్కించి, తక్కువ ఒత్తిడిని ఇచ్చినదాన్ని తీసుకోవాలి.

మొదటిదానికి ఉదాహరణ: నీరు వదలని స్థితిలో బంకమట్టి బలం 50 కిలోపాస్కల్ (ఒత్తిడికి కొలమానం) అనుకోండి. పొడవాటి పునాదికి గుణకం 5.14, కాబట్టి నికర అంతిమ సామర్థ్యం 257. భద్రతా గుణకం 3 తో భాగిస్తే సుమారు 86 కిలోపాస్కల్.

రెండోదానికి: 3 మీటర్ల మెత్తటి పొర, కుదింపు సూచిక (మట్టి ఎంత సులువుగా కుదించుకుంటుందో చెప్పే అంకె) 0.3, తొలి శూన్య నిష్పత్తి (ఖాళీలకూ ఘన కణాలకూ మధ్య నిష్పత్తి) 0.9. పొర మధ్యలో ఇప్పటికే ఉన్న ప్రభావిత ఒత్తిడి (నీటి ఒత్తిడి పోను మట్టి కణాలు మోసేది) 60 కిలోపాస్కల్, కట్టడం వల్ల పెరిగేది 30. పొర ఇంతకుముందు ఇంతకన్నా ఎక్కువ బరువు మోయలేదనుకుంటే, కుంగుదల సుమారు 83 మిల్లీమీటర్లు వస్తుంది. అంటే తెగిపోకుండా నిలిచే నేల కూడా ఇంటిని పగలగొట్టగలదు.

కుంగుదల మొత్తం కన్నా స్తంభానికీ స్తంభానికీ మధ్య తేడా ఎక్కువ హాని చేస్తుంది. పక్కపక్క స్తంభాల కుంగుదల తేడాను వాటి మధ్య దూరంతో భాగించినప్పుడు 300లో 1 దగ్గర గోడలు పగలడం మొదలవుతుంది, 150లో 1 దగ్గర ఫ్రేముకే దెబ్బ తగులుతుంది. 5 మీటర్ల దూరానికి 300లో 1 అంటే 17 మిల్లీమీటర్లే.

ఎంతకాలం కుంగుతుందో కూడా అడగండి. మెత్తటి పొర మందం రెట్టింపైతే పట్టే కాలం నాలుగు రెట్లవుతుంది. ఇల్లు కట్టిన మూడేళ్లకు పగుళ్లు రావడం వెనక చాలాసార్లు ఉండేది ఇదే.

## 11. ఈ నేలలు తగిలితే ఆగి ఆలోచించండి

నల్లరేగడి లాంటి ఉబ్బే మట్టి. తడిస్తే ఉబ్బి పునాదిని ఎత్తుతుంది, ఎండితే ముడుచుకుని వదిలేస్తుంది. స్వేచ్ఛా ఉబ్బుదల సూచిక (మట్టి పొడి నీటిలో ఎంత శాతం ఉబ్బుతుందన్నది) 50 శాతం దాటితే అప్రమత్తం కావాలి. తేమ మారే లోతును దాటి పునాది దించడం, లేదా ఆ మట్టి తీసేసి ఉబ్బనిది నింపడం మార్గాలు. ఇంటి చుట్టూ నీరు నిలవకుండా వాలు ఇవ్వడం, పెద్ద చెట్లను దూరంగా నాటడం కూడా పునాదిలో భాగమే అనుకోండి. తేలికైన ఒంటి అంతస్తు ఇళ్లకే దీని దెబ్బ ఎక్కువ, ఉబ్బును అణచిపెట్టేంత బరువు వాటికి ఉండదు.

నింపుడు మట్టి. పొరలుగా దిమ్మిస కొట్టి, ప్రతి పొర సాంద్రత కొలిచిన రికార్డు ఉంటే తప్ప దాని మీద పునాది వద్దు. చాలా ఏళ్లుగా ఉందన్న మాట రికార్డుకు బదులు కాదు.

నీటిలో నానిన వదులు ఇసుక. భూకంపం వస్తే ఇది కాసేపు ద్రవంలా ప్రవర్తిస్తుంది, దీన్నే ద్రవీకరణ అంటారు. 1964లో జపాన్‌లోని నీగాటాలో అపార్టుమెంట్లు గోడలు పెద్దగా చెక్కుచెదరకుండానే పక్కకు ఒరిగిపోయాయి. భూకంప ప్రాంతంలో పై 20 మీటర్లలో ఎన్ విలువ 15 లోపున్న ఇసుక, పైపైనే నీరు ఉంటే ద్రవీకరణ లెక్క రిపోర్టులో ఉండి తీరాలి.

వాలు నేల. పునాది కింద నేల ఒక్కటే కాదు, మొత్తం వాలు నిలుస్తుందా అన్నది చూడాలి. వాన నీరు పట్టినప్పటి స్థితికి లెక్క వేయించండి.

## 12. రిపోర్టును ఇలా చదవండి

చివరి పేజీలో ఉన్న ఒక్క అంకె చూసి మూసేయకండి. "1.5 మీటర్ల లోతులో 200 కిలోపాస్కల్" అన్న వాక్యం సగమే. ఎంత వెడల్పు పునాదికి, ఎన్ని మిల్లీమీటర్ల కుంగుదలకు, నీరు ఎక్కడుందని అనుకుని అన్నవి కూడా పక్కన ఉంటేనే అది సమాచారం.

- బోర్ల స్థానాలు, నేల ఎత్తులు ప్లాను మీద ఉన్నాయా
- ప్రతి బోరుకు తేదీ, యంత్రం రకం, సుత్తి రకం ఉన్నాయా
- మూడు 15 సెంటీమీటర్ల దెబ్బలూ ఇచ్చారా, ఒక్క ఎన్ విలువే ఇచ్చారా
- నీటిమట్టం కొలిచిన తేదీ, ఎంతసేపు ఆగారన్నది ఉందా
- ల్యాబు వక్రరేఖలు జతచేశారా
- కుంగుదల లెక్క ఉందా
- పునాది రకం, లోతు, తవ్వకానికి జాగ్రత్తలు చెప్పారా

తర్వాత అంకెలు ఒకదానితో ఒకటి పొసుగుతున్నాయో చూడండి. నీరు వదలని స్థితిలో బంకమట్టి బలం కిలోపాస్కల్‌లో ఎన్ విలువకు సుమారు అయిదు రెట్లు ఉంటుంది. ఎన్ విలువ 4 ఉన్న పొరకు బలం 100 అని రాస్తే ఎక్కడో తప్పు ఉంది. సహజ తేమ ద్రవ పరిమితికి దగ్గరగా ఉన్న మట్టి మెత్తగా ఉండాలి. ప్లాస్టిక్ పరిమితికి దగ్గరగా ఉంటే గట్టిగా ఉండాలి. అన్ని బోర్లలో అన్ని లోతుల్లో అంకెలు నున్నగా ఒకే క్రమంలో పెరుగుతూ పోతే నాకు అనుమానం వస్తుంది. నేల అలా ఉండదు.

పొసగని చోట నేరుగా అడగండి. మంచి ఇంజినీరు దానికి నొచ్చుకోడు, ఫీల్డు పుస్తకం తీసి చూపిస్తాడు.

## 13. పునాది గుంత తవ్వాక

బోర్ల మధ్య ఏముందో మొదటిసారి కళ్లకు కనిపించేది ఇప్పుడే. కాంక్రీటు పోసే ముందు ప్రతి గుంతనూ రిపోర్టు పట్టుకుని చూడాలి.

1. చివరి 15 సెంటీమీటర్లు కాంక్రీటు పోసే రోజునే తవ్వండి. ముందే తవ్వి వదిలేస్తే ఎండకో వానకో అడుగు చెడుతుంది.
2. అడుగున మట్టి రంగు, రకం బోర్ లాగ్‌లోని ఆ లోతుతో సరిపోలుతోందా చూడండి.
3. ఇనుప కడ్డీతో అక్కడక్కడ గుచ్చండి. ఒకచోట సులువుగా దిగితే అక్కడ పూడిన గుంత ఉండొచ్చు.
4. మెత్తటి భాగాన్ని గట్టి నేల వచ్చేదాకా తీసేసి, సిమెంటు తక్కువ కలిపిన కాంక్రీటుతో నింపండి. తవ్విన మట్టితోనే తిరిగి పూడ్చొద్దు.
5. నీరు నిలిస్తే తోడి, బురదైన పొరను గీకేసి, ఆ తర్వాతే పోయండి.
6. ఒక ఫుటింగ్ సగం రాతి మీద, సగం మట్టి మీద పడితే పని ఆపి డిజైనర్‌కు ఫోన్ చేయండి.

గుంతలో కనిపించింది రిపోర్టుతో కలవకపోతే గుంతనే నమ్మాలి. ఫోటోలు తీసి, లోతులు రాసి, రిపోర్టు ఇచ్చినవారికి అదేరోజు పంపండి. వాళ్లు వచ్చి చూసి సరేననేదాకా ఆ గుంతలో కాంక్రీటు పడనివ్వకండి.